సగం బలం

ఎవరైనా నన్ను పిత్త ప్రకృతి మనిషి అంటే లోలోపల పొంగిపోతాను. చురుకు, పదును, పట్టుదల పిత్తానికి చెప్పే గుణాలు కదా, ఎవరికి చేదు? చరకసంహిత విమానస్థానంలో ఎనిమిదో అధ్యాయం తీసి నన్ను నేను సరిచూసుకుంటే మాత్రం తేలేది వాతంలోనే. ఎండిన చర్మం, సన్నటి ముంజేతులు, తక్కువ నిద్ర, ఎక్కువ మాట. వాత ప్రకృతి వాళ్లకు కదిలితే కీళ్లు చప్పుడు చేస్తాయని కూడా అందులో ఉంది. పొద్దున చాప మీద అరచేతులు ఆనించగానే నా మణికట్లు టక్కుమంటాయి.

అయినా నాకు కాకాసనమే కావాలి. మోకాళ్లు దండచేతులకు ఆనించి, చూపు ముందుకు నిలిపి, బరువంతా అరచేతుల మీదికి తెచ్చి, పాదాలు నేల విడిచే ఆ క్షణం కావాలి. ఎందుకని అడిగితే ఆరోగ్యం కోసమంటాను. ఆరోగ్యానికైతే నాలుగు సూర్యనమస్కారాలు, సాయంత్రం ఏటిగట్టు దాకా నడక చాలు. ఒంటరిగా ఉన్నప్పుడు తొందరగా దిగిపోయేవాణ్ణి, గడపలో పిల్లలు నిలబడితే ఊపిరి బిగబట్టి లాగుతాను. ఆ తేడా ఒక్కటి చాలు, నా కోరికలో ఆరోగ్యం పాలెంతో తెలియడానికి.

మా అత్తిమంజేరిపేట మగ్గాల ఊరు. ఇప్పుడు మరమగ్గాల చప్పుడే ఎక్కువ. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి తిరుత్తణితో పాటు తమిళనాటికి వచ్చేశాం గానీ, ఇళ్లలో తెలుగు అలాగే నిలిచింది. వాతం, పిత్తం మాటలూ అంతే. తల తిరిగితే పిత్తం, మోకాలు పట్టేస్తే వాతం. సిద్ధ వైద్యుడైనా, ఆయుర్వేదం చదివినాయనైనా నాడి పట్టి ముందు చూసేది వాత, పిత్త, కఫ దోషాలనే. ఊళ్లో వాళ్లకు వాతమంటే వదిలించుకోవాల్సిన జబ్బు. నాకేమో అది నా వ్యక్తిత్వం. రాశిఫలాలు చదువుకున్నట్టు నా దోషం గురించి ఎవరేం రాశారో వెతుక్కుని, నచ్చినవి ఉంచుకుంటాను.

నాయన గుంతమగ్గంలో కూర్చున్న మనిషి. ఒక చేత్తో నాడె తాడు లాగుతూ, ఇంకో చేత్తో పలక కొడుతూ, కాళ్లతో తొక్కుతూ బతికాడు. చేతుల మీద నిలబడడానికి నా భుజాల కంటే ఆయన భుజాలే తగినవి. నేను ఎగరడం చూసి ఒకసారి అన్నాడు: ‘చేతుల మింద నిలబడితే కూలి ఎవురిస్తార్రా?’ నవ్వేశాను కానీ జవాబు దొరకలేదు. ఆ పూట మగ్గం తొక్కక్కర్లేని వాడికే కాకాసనం గురించి ఆలోచించే తీరిక. స్థిరత్వం, బలం కోసం మితంగా చేసే శరీర చేష్టనే చరకుడు వ్యాయామం అన్నాడు. నాయన చేసింది కూలి కోసం. మితం ఆయన చేతిలో లేదు, సరుకు ఇవ్వాల్సిన గడువు చేతిలో ఉండేది. ఇన్నేళ్లకు మిగిలింది ఎడతెగని భుజం నొప్పి. ఈ తేడా పుస్తకంలో చదివినప్పుడు తల ఊపాను, ఇంట్లో చూసినప్పుడు సిగ్గేసింది.

ఏ దోషానికి ఏ ఆసనమనే పట్టికలు చూస్తే అవి పాత శాస్త్రాల్లోంచి వచ్చినట్టే అనిపిస్తాయి. వాతం వాళ్లు నెమ్మదిగా, ఆసరా పెట్టుకుని చెయ్యాలట. పిత్తం వాళ్లు పోటీ మానాలట. కఫం వాళ్లు ఆగకుండా మళ్లీ మళ్లీ చెయ్యాలట. ఈ తరహా సలహాకు పేరు తెచ్చిన పుస్తకాల్లో ఒకటి డేవిడ్ ఫ్రాలీ, సాండ్రా సమ్మర్‌ఫీల్డ్ కోజాక్ రాసిన ‘యోగా ఫర్ యువర్ టైప్’. అది వచ్చింది 2001లో. పాత గ్రంథమైన హఠయోగ ప్రదీపికలోనైతే స్వాత్మారాముడు పదిహేను ఆసనాలు చెప్పాడు. వాటిలో మోచేతులు బొడ్డు పక్కన ఆనించి నిలిచే మయూరాసనం ఉంది. (తిరుత్తణి కొండకు నెమలిపింఛాల కావడి మోసే మా ప్రాంతం వాళ్లకు ఆ పేరంటేనే మోజు.) అది దోషాలను అణుస్తుంది, కాలకూటాన్నైనా అరిగిస్తుంది అన్నాడే గానీ ఫలానా ప్రకృతి వాళ్లకని విడదీయలేదు. దోషం చూసి విధించినవి ధౌతి, నేతి లాంటి షట్కర్మలు. కొవ్వు, కఫం ఎక్కువున్న వాళ్లు ముందు అవి చెయ్యాలన్నాడు. పట్టికలు పనికిరావనను. వాత శరీరానికి నువ్వుల నూనె, నెమ్మది మేలే చేస్తాయి, నాకు చేశాయి. ఆ పట్టికల వయసు మాత్రం ఇంతే.

ఆయుర్వేదంలో పాతది, గట్టిది వేరే ఉంది. బలవంతుడు కూడా చలికాలంలో, వసంతంలో తన బలంలో సగం దాకానే వ్యాయామం చెయ్యాలి, మిగతా కాలాల్లో ఇంకా తక్కువ అన్నాడు వాగ్భటుడు. ఆ సగానికి గుర్తు సుశ్రుతుడు చెప్పాడు: ఊపిరి నోటి దాకా రావడం. మా వైపు ఎండలకు ఏడాదిలో ఎక్కువ నెలలు ‘ఇంకా తక్కువ’ కిందికే వస్తాయి. వాతపిత్త వ్యాధులున్నవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, అజీర్ణం ఉన్నవాళ్లు వ్యాయామం మానాలని కూడా ఆ వాగ్భటుడే రాశాడు. అక్కడ చెప్పింది వ్యాధి గురించి, ప్రకృతి గురించి కాదని వాదించి నాకు నేనే మినహాయింపు ఇచ్చుకున్నాను. వాదం సరైనదే. మణికట్టు నొప్పి వ్యాధి కిందికి వస్తుందా రాదా అని మాత్రం ఏ వైద్యుణ్ణీ అడగలేదు, మానమంటాడేమోనని.

కాకాసనం మానలేదు. సగం బలం దగ్గర ఆపుతున్నానని చెబితే పూర్తి నిజం కాదు. ఎవరూ చూడనప్పుడు ఆపుతున్నాను.