పెట్టె లోపలి పని



మనుష్యుల కంటికి ఎన్నడును కనబడని పనిని కూడ మంచిగా చేయవలెనా? చేయవలెనని అందరము వెంటనే చెప్పుదుము. కాని చేతిలో డబ్బు తక్కువై, దినములు కరిగిపోయి, పండుగ వాకిట నిలిచినప్పుడు ఆ మాట అంత సులువుగా నోట రాదు. కావున ఈ నెల ఈ ప్రశ్నను ఒక చెక్క పెట్టె యొద్దకు తీసికొనిపోయి విచారింతము.

ఇప్పుడు మన పల్లె సంఘములలో కొన్నిచోట్ల హార్మోనియము, తబలాల ప్రక్కన గిటారు కూడ చేరినది. విద్యుత్ గిటారు తీగె తనంతట తాను పెద్దగా పలుకదు. దానికి యాంప్లిఫైయరును, స్పీకరు పెట్టెయు కావలెను. అంగడిలోని పెట్టె వెల ఎక్కువ గనుక, యౌవనస్థులు స్పీకరు మాత్రము కొని, ఊరి వడ్రంగి సాయముతో పెట్టెను తామే చేసికొనుటకు పూనుకొనుచున్నారు. ఇది మెచ్చదగిన పని.

స్పీకరుకు పెట్టె ఎందుకని అడుగవచ్చును. స్పీకరులోని కాగితపు గరాటు ముందుకు కదలినప్పుడు ముందున్న గాలి ఒత్తబడును, వెనుకనున్న గాలి పలుచబడును. ముందరి అలయు వెనుకటి అలయు ఒకదానికొకటి విరోధము గనుక, అవి కలిసిన చోట మంద్రస్వరములు చచ్చిపోవును. ఆ రెంటిని వేరుపరచుటయే పెట్టె చేయు మొదటి మేలు. అమెరికాలో లియో ఫెండర్ తన పెట్టెల వెనుక భాగమును కొంత తెరచి యుంచెను. 1960 తరువాతి సంవత్సరములలో లండనులో వాద్యముల దుకాణము నడిపిన జిమ్ మార్షల్ పేరిట వచ్చిన పెట్టెలలో 12 అంగుళముల స్పీకర్లు నాలుగింటిని మూసిన పెట్టెలో అమర్చిరి. రెండును మంచి పద్ధతులే. వాటి నాదము మాత్రము వేరు. మూసిన పెట్టెలో లోపలి గాలి స్ప్రింగు వలె పని చేయును. అందుచేత అతుకులో సన్నని సందున్నను గాలి బుసకొట్టును. వదులైన బద్ద గిలకవలె మ్రోగును.

ఇక పని వరుస చూడుడి. 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్డును కోసి, కుసులు కలిపి, జిగురు పూసి, అది ఆరువరకు బిగించి యుంచవలెను. ముందరి పలకలో స్పీకరు చేసినవారు చెప్పిన కొలత చొప్పున రంధ్రము తీయవలెను. తీగెలకు టంకము పెట్టవలెను. ఇదంతయు లోపలి పని. తరువాత అంచులు గుండ్రముగా చిత్రిక పట్టి, ఉప్పుకాగితముతో రుద్ది, రెగ్జిను అంటించి, ముందర జాలిగుడ్డ బిగించి, మూలలకు తొడుగులు, పైన పిడి వేయుదురు. ఇది వెలుపలి పని. చూడవచ్చిన వారందరు మెచ్చుకొనునది ఈ రెండవదానినే.

మా సంఘములో ఇద్దరు యౌవనులు ఇట్లే ఒక పెట్టె చేసిరి. క్రిస్మసుకు నాలుగు దినములున్నవి. నల్లని రెగ్జిను నున్నగా అంటియున్నది. వాయించి చూడగా లావు తీగె మ్రోగినప్పుడెల్ల ఒక మూల గిరగిరలాడెను. వెనుక పలక విప్పి చూడగా ఆ మూలలో అతుకు సరిగా కూడలేదు. సందులో లప్పము కూరి పైన నున్న చేసియున్నారు. వారిలో ఒకడు, “పండుగనాటి పాటలో ఇది ఎవరికి వినబడును? రెగ్జిను ఊడదీసిన యెడల ముడుత పడును, అందరును చూతురు” అనెను. రెండవవాడు, “లప్పము సందును పూడ్చినది గాని చెక్కను కలుపలేదు. రేపు ఎవరైన పిడి పట్టి లేపితే ఈ మూల విడిపోదా?” అనెను.

మొదటివాని మాటను కొట్టివేయకుడి. అది బీదవాని మాట. రెగ్జినుకు మరల డబ్బు లేదు. పైగా వెలుపలి అందము వ్యర్థము కాదు. గుండ్రని అంచు పిల్లల చేతికి గీచుకొనదు. రెగ్జిను చెక్కను తేమనుండియు దెబ్బలనుండియు కాపాడును. మరియు లోపలి ప్రక్కను అద్దమువలె మెరుగు పెట్టవలెనని ఎవరును అడుగరు. అక్కడ జిగురు చార ఉన్నను, పెన్సిలు గీత ఉన్నను దోషము లేదు. కావున కనబడని పనికి అందము అప్పు లేదు. నిజము అప్పు ఉన్నది. లప్పము చిన్న గుంటను పూడ్చుటకు పనికివచ్చును. కలియని అతుకును కలిసినట్లు చూపుటకు వాడినప్పుడు అదే లప్పము అబద్ధమగును.

ఇది మూలతో ముగియదు. పెట్టె వెనుక తీగె తగిలించు చోట ఇన్ని ఓములని వ్రాయుదురు. 8 ఓముల స్పీకర్లు రెండింటిని సమాంతరముగా కలిపిన 4 ఓములగును. వరుసగా కలిపిన 16 ఓములగును. స్పీకరు మీద 8 అని యున్నదని ఆలోచింపక పెట్టె మీదను 8 అని వ్రాసినచో, 8 ఓములకు తక్కువ ఓర్వని యాంప్లిఫైయరును ఎరువు తెచ్చి తగిలించిన పొరుగువాని సొత్తు కాలిపోవచ్చును. అతడు పెట్టె విప్పి చూడడు; ఆ అంకెను నమ్మును. లోపల చూడలేని వానికి లోపలి సంగతిని గూర్చి మనమిచ్చు సాక్ష్యము అది. ఈ విధముగా, కనబడని పని మన గౌరవము కొరకు కాదు, మనలను నమ్మినవాని క్షేమము కొరకే.

ఆదికాండము 6వ అధ్యాయములోని ఓడను జ్ఞాపకము చేసికొనుడి. దానికి వెలుపలనే గాక లోపలి తట్టునను కీలు పూయవలెనని ఆజ్ఞ కలిగెను. అది చూపరుల కొరకని ఎవరు చెప్పగలరు? లోపల ప్రాణములున్నవి.

ఆ యౌవనులు రెగ్జిను ఒక ప్రక్క ఊడదీసి, లప్పము గీకివేసి, జిగురు పూసి, ఒక రాత్రి ఒక పగలు బిగించి యుంచిరి. తిరిగి అంటించిన రెగ్జిను ముడుత పడెను. పండుగనాడు దానిని చూచి నవ్వినవారును ఉండిరి. పెట్టె మాత్రము గిరగిరలాడలేదు.

చదువరులారా, మనలో అందరము పెట్టెలు చేయము. కాని గోడకు పునాది వేయువారు, ధాన్యము బస్తా కట్టువారు, లెక్కల పుస్తకము వ్రాయువారు మనలో ఉన్నారు. ఇతరులు విప్పి చూడలేని మూల ప్రతివాని పనిలోను ఒకటి కలదు. అక్కడ మన చేయి ఉంచినది జిగురా, లప్పమా? ఈ వారము పని ముగించి పైపూత పూయకముందే దానిని ఒకసారి తట్టి చూతము.