చుక్క, పటం, ప్రయాణం



"ఫాదర్ గారూ, కారులో దారి చూపే జి.పి.ఎస్. పరికరం ఏది కొనమంటారు?" అని ఒక కుటుంబ పెద్ద అడిగారు.

ధర, తెర వెడల్పు తర్వాత చూడవచ్చు. ముందు అది పనిచేసే తీరు గ్రహించాలి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, మనం ఎక్కడున్నామో అది లెక్కకడుతుంది. దారి చెప్పేది మాత్రం అందులోని పటమే. కనుక పటాన్ని తనలోనే దాచుకునే పరికరాన్ని ఎంచుకోండి. ఘాటు రోడ్డులో సెల్‌ఫోను సిగ్నలు పోయినా అది పనిచేస్తుంది. పటాన్ని ఎప్పటికప్పుడు సరిచేసుకునే వీలుందా అనీ అడగండి. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ సమీపాన, వరదకు తెగిన వంతెన మీదికి వెళ్ళిన కారు రామగంగ నదిలో పడి ముగ్గురు మరణించారు. వంతెన తెగిన సంగతి పటంలోకి ఎక్కలేదని పోలీసులు చెప్పారు.

తూర్పుదిక్కు జ్ఞానులకు ఆకాశాన చుక్క కనిపించింది. అయినా బేత్లెహేము పేరు తెలిసింది యెరూషలేములో, లేఖనాల వల్లనే. చుక్కా కావాలి, పటమూ కావాలి. అయితే ఆ ఊరి పేరు చెప్పిన ధర్మశాస్త్ర బోధకులు అక్కడికి బయలుదేరినట్లు సువార్తలో లేదు!

మన అంతరాత్మ కూడా ఒక పటమే. ఆత్మశోధనతో సరిచేసుకోకపోతే అదీ తెగిన వంతెన మీదికే నడిపిస్తుంది. ఈ రాత్రి పడుకునే ముందు దానిని ఒకసారి విప్పి చూసుకుందాం. రేపు ఉదయం బయలుదేరుదాం.