గారడీ, గడ

తెలుగులో ఎత్తిపొడుపు మాటలు కొన్ని ఆటగాళ్ల దగ్గర తెచ్చుకున్నవే. బడ్జెట్‌ను నమ్మనివాడు దాన్ని అంకెల గారడీ అంటాడు. పార్టీ మారిన నాయకుడు పిల్లిమొగ్గలు వేశాడంటారు. ఇంగ్లీషు కలిసిపోయిన సికింద్రాబాదు తెలుగుకు జోకర్, రింగ్‌మాస్టర్, సర్కస్ ఫీట్లు కూడా సొంత మాటలే. గౌరవం మిగిలింది కత్తిమీద సాముకే. దొమ్మరి అన్న కులం పేరైతే తిట్టుగానే స్థిరపడింది.

ఆటగాడు చూపేది మోసమా, నేర్పా? లోకాన్నే ఆటతో పోల్చిన వేదాంతులకు ఇది తేల్చుకోక తప్పలేదు.

మాండూక్య కారికల భాష్యంలో శంకరుడు ఒక గారడీవాణ్ణి చూపిస్తాడు. వాడు ఆకాశంలోకి తాడు విసిరి, ఆయుధాలతో ఎగబాకి, కనుమరుగై, యుద్ధంలో ముక్కలై కిందపడి, మళ్లీ లేస్తాడు. అసలువాడు మాత్రం ఎవరికీ కనబడకుండా నేలమీదే ఉంటాడు. పరుచుకున్న తాడు కల, నిద్ర వంటి అవస్థలకు, ఎక్కినవాడు ఆ అవస్థల్లోని జీవుడికి, నేలమీదవాడు ఆ అవస్థలకు అతీతమైన తురీయానికి పోలిక.

శ్రీభాష్యంలో రామానుజుడు అదే వృత్తివాణ్ణి ఎదురు సాక్ష్యానికి పిలుస్తాడు. కనబడిన వస్తువు అబద్ధం కావచ్చు. చూపించిన మంత్రం, మూలిక నిజమైనవే, చూసినవాడికి కలిగిన జ్ఞానమూ నిజంగా కలిగిందే. మాయ అంటే అలా చూపించగల శక్తే తప్ప అబద్ధం కాదంటాడు. అంకెల గారడీ అనేవాడు తనకు తెలియకుండానే ఇటు మొగ్గుతాడు. లెక్క తప్పంటూనే రాసినవాడి చేతివాటం ఒప్పుకుంటాడు.

బుద్ధుడు ఎంచుకున్న ఆటలో దాచేదేమీ లేదు. సంయుత్తనికాయంలోని సేదక సుత్తంలో ఒక వెదురు గడ ఆటగాడు శిష్యుణ్ణి పైకెక్కించుకుంటాడు. ఒకరినొకరం కనిపెట్టుకుందామని గురువు అంటే, ఎవరి తూకం వాళ్లం చూసుకుంటేనే క్షేమంగా దిగుతామని శిష్యుడు అంటాడు. శిష్యుడిదే సరైన పద్ధతి అంటూనే బుద్ధుడు గురువు మాటనూ వదలడు. సాధనతో తన్ను కాచుకునేవాడు ఇతరుల్నీ కాస్తాడు. ఓర్పు, అహింస, మైత్రి, దయలతో ఇతరుల్ని కాచేవాడు తన్నూ కాచుకుంటాడు.

గడ మీద కనికట్టు చెల్లదు. దొమ్మరాటలో గడ పాతి మోకులతో బిగిస్తారు. కింద డోలు మోగుతుండగా ఆడమనిషి ఎక్కి, కొనమీద బోర్లా పడుకుని గిరగిరా తిరుగుతుంది. శంకరుడి తాడు మీంచి పడ్డవాడు లేస్తాడు. మోకు సడలి ఇక్కడ పడ్డ మనిషి లేవకపోవచ్చు.

దీనికి శంకరుడి దారిలో నడిచే అద్వైతి దగ్గర జవాబు ఉంది. వ్యవహారంలో దెబ్బ దెబ్బే, నొప్పి నొప్పే. తాడు ఉపమానం పరమార్థానికే వర్తిస్తుందంటాడు. ఇక మిగిలిన తగవల్లా ఆ వ్యవహారం జ్ఞానంతో తొలగిపోయేదా, ఈశ్వరుడి నిజమైన సృష్టా అన్నదే. శంకర, రామానుజ సంప్రదాయాలు విడిపోయేది అక్కడే.