వాడిన గేరు నూనెయు, అనుమాన ప్రమాణమును

కానరాని వస్తువును కానవచ్చు గుర్తునుబట్టి నిశ్చయించుట, అనగా అనుమానము, ఎంతవఱకు చెల్లునన్న ప్రశ్నను మన దర్శనకారులు వేయి సంవత్సరములకు పైబడి విచారించిరి. కొండపై పొగను చూచి నిప్పు కలదని ఊహించు ఉదాహరణమును వినివిని, ఈ విచారణ పాఠశాల గోడల నడుమ మాత్రమే బ్రతుకునదేమోయని మనకు తోచుటయు కలదు. అంతకంటె కఠినమైన పరీక్ష కావలెనన్నవారు, 2014లో తయారీ ఆగిపోయినను నేటికిని అక్కడక్కడ తిరుగుచున్న అంబాసిడరు కారొకటి షెడ్డులో పైకెత్తబడినప్పుడు, దాని వెనుక ఇరుసు నడుమనున్న డిఫరెన్షియలునుండి దింపిన నూనెను చూచి లోపలి పళ్లచక్రముల క్షేమము చెప్పవలసిన మెకానిక్కు ప్రక్కన కొంతసేపు నిలువవలెను.

మలుపులో వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను; ఆ భేదమును సమకూర్చునది డిఫరెన్షియలు. అందులో పినియను పళ్లు క్రౌను చక్రపు పళ్లపై దొరలుటయే గాక రాచుకొని జాఱును. 1926లో పాకార్డు కారుతో వ్యాప్తికి వచ్చిన హైపాయిడు పద్ధతిలో ఈ జాఱుడు మఱింత హెచ్చి, సామాన్యమైన నూనెపొర ఆ ఒత్తిడికి తాళలేక చినుగును గనుక, గంధకమును భాస్వరమును గల ద్రవ్యములు కలిపిన నూనె అవసరమయ్యెను. ఆ గంధకమువలన క్రొత్త గేరు నూనెయే కంపు కొట్టును. కావున కంపునుబట్టి నూనె చెడినదని తేల్చువాని అనుమానము, క్రొత్త డబ్బా మూత తీసిన క్షణముననే భగ్నమగును. మాడిన వాసన వేఱు. దానిని ముక్కు అభ్యాసముచేతనే ఎఱుగును.

నలుపు సంగతి ఇంతకంటె చిక్కైనది. క్రొత్త నూనె తేనెరంగున నుండి, నడచినకొలది వేడిమిచేతను, గాలి సోకుటచేతను, సూక్ష్మమైన లోహరేణువులచేతను గోధుమవన్నెకును పిదప నలుపునకును దిగును. దీనిని చూచి గుండె బాదుకొను యజమానులు పెక్కుమంది. పళ్లు నిక్షేపముగా నున్న బండినుండియు నల్లని నూనె దిగునని వారెఱుగరు. నిరూపింపవలసిన సాధ్యము ఉన్నచోటను లేనిచోటను సమానముగా కానవచ్చు ఇట్టి గుర్తును, అనగా హేతువును, తార్కికులు సవ్యభిచారమందురు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదువుకొన్న బాలునకు సయితము ఇది హేతువువలె తోచు దోషము, హేత్వాభాసమని తెలియును. నూనెలో వ్రేలు ముంచి నలుపు చూచిన పెద్దలకు మాత్రము ఆ పాఠము జ్ఞప్తికి రాదు.

గౌతముడు న్యాయసూత్రముల రెండవ అధ్యాయమున ఈ చిక్కును తానే ఎత్తుకొనెను. నది పొంగినది గనుక ఎగువ వాన కురిసినదనుట చెల్లదు, అడ్డుకట్ట పడినను నది పొంగును గదా యని పూర్వపక్షము. దీనికి చెప్పిన సమాధానము నాకు మిక్కిలి అబ్బురము గొలుపును: అందులో అనుమానమును త్యజించుట లేదు, ఆక్షేపమును త్రోసిపుచ్చుటయు లేదు, హేతువును సంస్కరించుట కలదు. ఊరక నీరు పెరుగుటనుబట్టి గాక, వడి హెచ్చి, నురుగు గట్టి, పండ్లను ఆకులను కట్టెలను మోసికొని వచ్చు వఱదనుబట్టి వానను ఊహింపవలెనని ఆ సూత్రములకు వాత్స్యాయనుడు వ్రాసిన భాష్యము వివరించును. పొరబడినచో ఆ దోషము అనుమానించువానిదే కాని అనుమానమునది కాదనియు అందే కలదు.

అట్లే నేర్పరియైన మెకానిక్కు కూడ నలుపుతో ఆగక, నూనె దేనిని మోసికొని వచ్చినదో చూచును. డ్రెయిను ప్లగ్గు కొననున్న అయస్కాంతమునకు బూడిదవన్నె మెత్తని ముద్ద పట్టియున్నచో భయము లేదు. ఉక్కు ఉక్కుతో రాచుకొన్నచోట ఆ మాత్రపు పిండి రాలక తప్పదు, క్రొత్త బండికి తొలిసారి నూనె మార్చునప్పుడు అది మఱికొంత హెచ్చుగానే యుండును. ఆ ముద్దను వ్రేళ్ల నడుమ నలిపినప్పుడు పలుకులు తగిలినను, సన్నని చీలికలు గుచ్చుకొన్నను, పంటి అంచు విఱిగిన తునక దొరకినను వాదము ముగిసినట్లే, ఇరుసు విప్పవలసినదే. పాలు కలిపిన కాఫీవలె తెల్లబాఱి దిగిన నూనె, లోనికి నీరు చొచ్చినదని చెప్పును. వేడెక్కిన ఇరుసు నీట మునిగినప్పుడు లోపలి గాలి చల్లబడి కుంచించుకొని, బ్రీదరు గుండనో అరిగిన సీలు గుండనో నీటిని పీల్చుకొనును. అయినను ఏ నీరు, ఎప్పుడు చొచ్చినదన్నది నూనె చెప్పజాలదు, అందుచేత మెకానిక్కు యజమానివైపు తిరిగి, “ఈ మధ్య బండిని వాగులో గాని దించారా అండీ?” యని అడుగును. ఇచ్చట అనుమానమునకు, ఎఱిగినవాని మాటయను శబ్దప్రమాణము తోడయినది.

అయస్కాంతము శుభ్రముగా నున్నచో ఏమనవలెను? తొందరపడువాడు లోపల ఏమియు అరుగలేదనును. కాని పెక్కు బండ్లలో చిన్న గేర్ల వెనుక కంచు వాషర్లుండును. కంచు అయస్కాంతమునకు అంటదు. అది అరిగినచో నూనెను ఎండకు పట్టినప్పుడు పసుపుపచ్చని తళుకుగా మాత్రమే కానవచ్చును. మీమాంసకుడైన కుమారిలభట్టు అనుసారులు, కనబడకపోవుటయను అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణముగా అంగీకరించుచునే, ఉన్నచో కనబడి తీరవలసిన వస్తువు కనబడకపోయిననే దాని అభావము సిద్ధించునని కట్టడి చేసిరి. నైయాయికుడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈ కట్టడినే నిరీశ్వరవాదులపై ప్రయోగించి, ఇంద్రియములకు అందు యోగ్యతయే లేని ఈశ్వరుడు కనబడకపోవుట ఆయన లేమికి సాక్ష్యము కానేరదనెను. ఈ వాదము నిర్దుష్టమని నా అభిప్రాయము; అయితే ఇది సగము మాత్రమే. కంచు అయస్కాంతమునకు అంటలేదు గనుక కంచు అరిగినదనియు అనరాదు గదా! ఆచార్యుడు ఆ సంగతి ఎఱిగియే ఈశ్వరసిద్ధికి వేఱుగా అనుమానములను కూర్చెను. ఆయన పేరు చెప్పుకొను ఆస్తికులలో పలువురు మొదటి సగము నేర్చి రెండవ సగము మఱచుచుందురు.

ప్రత్యక్షము తప్ప ప్రమాణము లేదను చార్వాకుడు ఈ తంటాలన్నియు వినక, మూత విప్పి చూడుమనును. వినుటకు అది సులభముగానే యున్నది. కాని ఇరుసు విప్పి పినియనును కదల్చినచో, పలుచని షిములు పేర్చి పళ్ల నడుమ సందును మరల కొలిచి కుదుర్పవలెను. ఏండ్ల తరబడి ఒకదానికొకటి ఒదిగిన పళ్లను చూపు కొఱకై చెదరగొట్టుట వివేకము కాదు. అన్ని అనుమానములను శంకించువాడు ఆ కారునెక్కి ఇంటికి సయితము పోజాలడు. మన నడవడితోనే విరోధము వచ్చినచోట శంక ఆగవలెనని ఉదయనుడు చార్వాకునకు చెప్పిన ఉత్తరము షెడ్డులోను చెల్లును.

నన్ను ఎక్కువగా బాధించునది వేఱొక పొరపాటు. నూనెను పరీక్షించునది నూనె కొఱకు కాదు. అది హేతువు, సాధ్యము లోపలి పళ్ల స్థితి. తెల్లబాఱిన నూనెను పాఱబోయించి, క్రొత్తది పోయించి, నీరు చొచ్చిన దారి వెదకక నిశ్చింతగా ఇల్లు చేరువాడు హేతువును చెఱిపి సాధ్యమును చెఱిపితినని భ్రమించుచున్నాడు. ఇంకను ఘోరమేమనగా, తనకున్న ఒక్క సాక్షిని తానే పంపివేసినాడు. కావున కారు గల పాఠకులకు నా మనవి ఇంతే: నూనె మార్పించునాడు దగ్గఱ నిలువుడు, ప్లగ్గును తుడువకముందే తెల్లని గుడ్డపై నుంచి చూపుమనుడు, దింపిన నూనెను ఎండలో ఒక్క నిమిషము పరికించినదాక పాఱబోయనీయకుడు.