ద్రౌపది ప్రశ్నకు వంత

ఎండాకాలం వస్తే తిరుత్తణి చుట్టుపక్కల ద్రౌపదమ్మ గుళ్ళలో భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి నాటకం. దాన్ని మనవాళ్ళు వీధినాటకమంటారు, పక్కింటి తమిళులు తెరుక్కూత్తంటారు. 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి మద్రాసు రాష్ట్రంలో కలిసిన ఊరు కదా, ఆటకు భాషతో పెద్ద పేచీ లేదు.

వేషగాళ్ళ వెనక ఒక బెంచీ ఉంటుంది. హార్మోనియం, మద్దెల, తాళాలు, ముఖవీణ. వేషగాడు పాట చివరి ముక్క వదలగానే బెంచీ అందుకుంటుంది. తన వంతు అయిపోయినవాడు కూడా మొహాన అర్దళం చెరిగీ చెరగకుండా అక్కడే కూలబడి, టీ గ్లాసు పక్కన పెట్టి గొంతు కలుపుతాడు. గ్రీకు విషాదనాటకాల్లోని కోరస్ గురించి ఎక్కడ చదివినా నాకు ఈ బెంచీయే కళ్ళముందు మెదులుతుంది. పోలిక సగం దాకానే నడుస్తుందనుకోండి.

ఏథెన్సు కోరస్‌లో ఆడిపాడినవాళ్ళూ మామూలు పౌరులే. కానీ వాళ్ళకు వేషముంది, వయసుంది, ఊరుంది. ఈస్కిలస్ క్రీ.పూ. 458లో ఆడించిన ‘అగమెమ్నాన్’లో వాళ్ళు ఆర్గోస్ నగరపు ముసలివాళ్ళు. లోపల రాజును భార్య నరుకుతోంది. కేక బయటికి వినబడింది. జనాన్ని కేకేద్దామంటాడు ఒకడు. ఇప్పుడే లోపలికి ఉరుకుదామంటాడు ఇంకొకడు. చచ్చినవాణ్ణి మాటలతో లేపగలమా అంటాడు మరొకడు. సంగతేమిటో రూఢిగా తెలియనీ అని సర్దుకునేసరికి లోపల పని పూర్తయింది. కోరస్ గడప దాటి లోపలికి వెళ్ళడం ఆ నాటకాల సంప్రదాయం కాదంటారు పండితులు. కావచ్చు. నాకు మాత్రం మన పంచాయతీ రచ్చబండే గుర్తొస్తుంది.

కురుసభలో జరిగిందీ ఇంతే. తననే ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిదని ద్రౌపది అడిగితే, ధర్మం సూక్ష్మమంటూ భీష్ముడంతటివాడు తప్పుకున్నాడు. విదురుడు, వికర్ణుడు తప్ప పెద్దగా నోరు విప్పినవాడు లేడు. వీధిలో అలా కాదు. సభ మింగేసిన ప్రశ్నను బెంచీ అందుకుని మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. జనం లేచి కర్పూరం వెలిగిస్తారు.

చిక్కేమిటంటే, అంతకు కాసేపటి ముందు దుశ్శాసనుడి ప్రగల్భాలకు వంత పాడినవీ ఆ గొంతులే. అప్పుడూ హుషారు తగ్గలేదు. మరి వీళ్ళెవరి పక్షం? ఆర్గోసు ముసలివాళ్ళకు ఒక అభిప్రాయమంటూ ఉంది గనక దాని చాటున నిలబడి జరిగినదాన్ని తప్పుపట్టగలరు. బెంచీకి ఆ చాటు లేదు. అన్యాయం మాటైనా సరే, తన నోటితో పలికి చూడాల్సిందే. అలా పలికినవాడు, అది ఎవడో దుర్మార్గుడి మాటలే, నాకేం సంబంధమని తేలిగ్గా దులుపుకోలేడనిపిస్తుంది నాకు.

చివరినాడు పొద్దున మైదానంలో పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడి తొడ మీద భీముడి దెబ్బ పడుతుంది, ద్రౌపది జుట్టు ముడుచుకుంటుంది. అంతలో గాంధారి ఏడుస్తూ వస్తుంది. ఆమె శోకానికీ వంత వీళ్ళదే. గెలిచినవాళ్ళ పాటలోంచి ఆ ఏడుపులోకి దిగడానికి వాళ్ళకు ఎంతోసేపు పట్టదు.