రెండో పది

ఏ పురుగుమందు ఎంతవరకు సేఫ్ అని తేల్చడానికి పాత లెక్కొకటి ఉంది. జంతువుల్లో హాని కనిపించని మోతాదును 10తో భాగిస్తారు, మనం ఎలుకలం కాదు కనుక. మళ్లీ 10తో భాగిస్తారు, మనుషులందరూ ఒకేలా ఉండరు కనుక. ఈ రెండో పది నాకు ఇష్టం. ఎవరి ఒళ్లు తట్టుకోలేదో తెలీదు కాబట్టి అందరి కోసం జాగ్రత్తపడటం అది.

ఇప్పుడు జీనోమిక్స్ ఆ ‘ఎవరి’కి జవాబు చెప్పడం మొదలుపెట్టింది. కొన్ని ఆర్గానోఫాస్ఫేట్ల విషాన్ని విరగ్గొట్టే పీఓఎన్1 ఎంజైమ్ జన్యువును బట్టి ఒక్కొక్కరిలో ఒక్కోలా పనిచేస్తుంది. పరిమితి ఇంకా తగ్గించడానికి ఇది మంచి ఆధారమే. కానీ ఆదిలాబాద్ పత్తి చేలల్లో మందు కొట్టే కూలీ విషయంలో అదే రిపోర్టు ‘నీకు పడదు, రేపట్నుంచి రాకు’ అయిపోతుంది. కూలి పోతుంది, మందు అలాగే ఉంటుంది. (బగ్ దొరికితే యూజర్‌ని తీసెయ్యడమన్నమాట.)

ఉద్యోగమిచ్చేవాళ్లు జన్యు సమాచారం వాడకూడదని అమెరికా 2008లో చట్టం చేసుకుంది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నా, రోజుకూలికి అది ఎంతవరకు అందుతుందో నాకు అనుమానమే.

2017లో పెన్‌గంగ అవతల, యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. అంత విషం మీద పడుతుంటే ఎంత మంచి జన్యువున్నా ఏం లాభం?

పరీక్షలు వద్దనను. పేర్లు తీసేసి, ఆ ఫలితాలు పురుగుమందులకు అనుమతులిచ్చే రిజిస్ట్రేషన్ కమిటీ బల్ల మీదికి వెళ్లాలి. చేను ఆసామి చేతికి మాత్రం వద్దు.