ఆర్తసేవయు ఈశ్వరోపాసనయు



భూమి కంపించి యిండ్లు కూలినపుడు ఆస్తికులు రెండు తెఱగుల ప్రవర్తించుట మనము చూచుచున్నాము. కొందరు ఆ విపత్తు ఏ పాపమునకు శిక్షయో నిర్ణయింప బూనుదురు. మఱికొందరు ఆ విచారణ మాని గాయములకు కట్టు కట్టబోవుదురు. వీనిలో నేది యీశ్వరోపాసనయో నేడు విచారింతము.

1934 జనవరి 15వ తేదీన బీహారులో మహాభూకంపము సంభవించి వేలకొలది జనులు మరణించిరి. అది అస్పృశ్యతా పాపమునకు దైవదండనమని మహాత్మా గాంధీగారు పలికిరి. అస్పృశ్యతను తామును నిరసించిన రవీంద్రనాథ ఠాకూరుగారు ఆ మాట నంగీకరింపక, ప్రకృతిలోని యుత్పాతములకు ప్రకృతిలోనే కారణములుండునని బహిరంగముగ వ్రాసిరి. మహర్షి దేవేంద్రనాథుని కుమారునకు తగిన మాట యది. అయినను శిక్షావాదము నశింపలేదు. 2010లో హైతీ దేశమున భూమి కంపించినపుడు, ఆ దేశీయుల పూర్వులు పిశాచముతో నొడంబడిక చేసికొనిరని అమెరికాలోని యొక మతబోధకుడు చెప్పెను.

మేము న్యాయస్థానములలో వాదించువారము. నేరమేదో తెలుపక, ముద్దాయికి బదులు చెప్పుకొను నవకాశమీయక విధించిన శిక్ష అప్పీలులో నిలువదు. ఊయెలలోని శిశువుపై గోడ గూల్చి దానికి శిక్షయని పేరిడుట మానవ న్యాయాధిపతికే తగనిచో సర్వసాక్షికెట్లు తగును?

హైతీలో కారణములు ప్రత్యక్షములు. 2010 జనవరి 12వ తేదీ సాయంకాలము, రాజధానియగు పోర్టో ప్రిన్సునకు పడమట లెయోగాన్ పట్టణ సమీపమున 7.0 తీవ్రతతో భూమి కదలెను. నగరము సమీపము, కట్టడములు బలహీనములు. మృతుల సంఖ్యను గూర్చిన యంచనాలు లక్షకు పైనుండి మూడు లక్షల వఱకు నున్నవి. దాదాపు 15 లక్షలమంది నిరాశ్రయులైరి. ఇనుము చాలని కంబములపై ఇండ్లు లేవనిచ్చిన వ్యవస్థయందు పాపమున్నదేమో గాని, వాని క్రింద నలిగినవారియందు లేదు.

అట్లు నలిగిన కండరములనుండి విషపదార్థములు రక్తమున గలిసి మూత్రపిండములను చెఱచును. గాయము కుళ్లినచో ప్రాణరక్షణకై కాలో చేయో ఖండింపవలసి వచ్చును. వారికి శస్త్రవైద్యుడు, మందులు, రక్తశుద్ధి యంత్రము వెంటనే కావలెను. పిమ్మట కృత్రిమపాదమును, నడక నేర్పువారును నెలల తరబడి కావలెను. మొదటి వారమున వచ్చిన వైద్యుని పత్రికలు స్తుతించును. మూడవ మాసమున కట్టు మార్చు దాదిని ఎవరెఱుగుదురు?

అట్టి దీర్ఘసేవ నెఱిగినవారు అచటనే యుండిరి. దేశ మధ్యభాగమునందలి కాంజ్ గ్రామమున ఫ్రిట్జ్ లాఫోంతాన్ అను క్రైస్తవ గురువును, పాల్ ఫార్మర్ అను వైద్యుడును 1980ల దశకము నుండియే పేదలకు వైద్యము చేయించుచుండిరి. కాథలిక్కు మతస్థుడగు ఫార్మర్ దరిద్రుల పక్షము వహించుట భక్తికి ప్రాణమని నమ్మినవాడు. 1987లో ఆయన మిత్రులతో గూడి స్థాపించిన ‘పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్’ సంస్థ, గ్రామస్థులకే శిక్షణమును జీతమును ఇచ్చి, రోగుల యిండ్లకు పంపి, వారు తప్పక మందు పుచ్చుకొనునట్లు చూచెను. ఆ సేవకుల పేరునకు ‘తోడు నడచువారు’ అని యర్థము. భూకంపము వచ్చిననాడు ఈ సంస్థ క్రొత్తగా నేర్చుకొనవలసినది కొంచెమే; ఆ జనుల భాషయు, వారి త్రోవలును దానికి ముందే తెలిసియుండెను.

సహాయమునకు వచ్చినవారి వలన కలిగిన కీడును గూడ చెప్పకున్న సత్యమునకు ద్రోహము చేసినవారమగుదుము. అదే 2010 అక్టోబరులో హైతీలో కలరా పుట్టెను. అంతకుముందు నూఱేండ్లుగా ఆ వ్యాధి అచట కానరాలేదు. ఐక్యరాజ్యసమితి శాంతిసేనా శిబిరమునుండి వెడలిన మలినములు ఆర్తిబొనీట్ నది ఉపనదిలో గలియుట వలన నది నీరు త్రాగినవారు వ్యాధిగ్రస్తులైరి. క్రమముగ 8 లక్షలకు మించినవారు రోగులైరి. సుమారు 10 వేలమంది మరణించిరి. బాధితులు దావా వేయగా, సమితికి విచారణనుండి మినహాయింపు కలదని అమెరికా న్యాయస్థానములు తీర్పు చెప్పెను. 2016 డిసెంబరులో ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పెను. చట్టము మన్నించినదానిని ధర్మము మన్నింపలేదు.

ఆ సేనలో నెవరికిని దురుద్దేశము లేదు. కాని సదుద్దేశము మరుగుదొడ్డి గుంటను శుద్ధి చేయదు. భక్తిపేర బయలుదేరు మనవంటివారే ఈ మాటను మిక్కిలి గుర్తుంచుకొనవలెను. మన హృదయము నిర్మలమైనదను నమ్మకమే మన చేతులను కడుగుకొననీయని యపాయము కలదు.

కావున మన సమాజము ఆర్తుల కొఱకు ధనము కూర్చునపుడెల్ల ఈ నియమములను పాటింతము గాక. రోగి మంచము ప్రక్క మతప్రసంగము చేయకుందుము. స్థానికుల నడిగి, వారి వైద్యులను ముందుంచి పని చేయుదము. త్రాగు నీటిని, మలిన జలమును శ్రద్ధతో కనిపెట్టియుందము. కీడు చేసితిమేని ఎవరును నిర్బంధింపకమునుపే ఒప్పుకొందము. పత్రికలు మరచిన మూడవ మాసమునకును చందా మిగుల్చుదము.

సత్యస్వరూపా! పరుల పాపములను లెక్కించు కోరిక మా నుండి తొలగించి, మా చేతులకు శుచిత్వమును, మా దయకు జ్ఞానమును, మా పాదములకు తోడు నడచు నోపికను ప్రసాదింపుము.